టైపు చేసింది వేరు, తీసుకున్నది వేరు: ఒక స్కాలర్‌షిప్ దరఖాస్తు ఫారం కేస్ స్టడీ

డిగ్రీ విద్యార్థులు స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసుకునే వెబ్ ఫారం ఇది. నాలుగు మెట్లు: విద్యార్థి వివరాలు, కుటుంబం–చిరునామా, చదువు–మార్కులు, బ్యాంకు ఖాతా–పత్రాలు. కొందరు సొంత ఫోన్లో నింపుతారు, కొందరు నెట్ సెంటర్లో నింపించుకుంటారు. ముందువైపు, అంటే బ్రౌజర్లో, రియాక్ట్ లైబ్రరీ, టైప్‌స్క్రిప్ట్ భాష. వెనక సర్వర్లో నోడ్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. మొదటి కూర్పులో ఫారం మొత్తం ఒకే యూజ్‌స్టేట్ ఆబ్జెక్టులో (రియాక్ట్ గుర్తుపెట్టుకునే స్టేట్‌లో) ఉండేది. ప్రతి ఇన్‌పుట్ తన ఆన్‌చేంజ్‌లోనే (ప్రతి మార్పుకూ నడిచే ఫంక్షన్లోనే) విలువను మార్చి, తనిఖీ చేసి, ఎర్రర్ పెట్టేది. సబ్మిట్ దగ్గర ఇంకో తనిఖీ. సర్వర్లో విడిగా రాసిన మూడో తనిఖీ.

ఫిర్యాదులు చూస్తే ఒకదానితో ఒకటికి సంబంధం లేదనిపిస్తుంది. జీపీఏ ఫీల్డులో 8.05 పడదు. ఆదాయం ఖాళీగా వదిలిన దరఖాస్తు సున్నా ఆదాయంతో అర్హుల జాబితాలోకి ఎక్కుతుంది. పుట్టిన తేదీ ఒకరోజు వెనక్కి జరుగుతుంది. పొడవైన ఖాతా నంబరులో చివరి అంకె మారిపోతుంది. తెలుగులో రాసిన పేరును "అక్షరాలు మాత్రమే రాయండి" అని తిప్పికొడుతుంది. ఫొటో తీద్దామని కెమెరా తెరిస్తే నింపిందంతా పోతుంది.

వీటిలో చాలావాటికి మూలం ఒక్కటే. మనిషి టైపు చేసిన పాఠాన్ని, దాన్నుంచి ప్రోగ్రాం తీసుకున్న విలువను ఒకే చోట పెట్టడం. జీపీఏనే చూడండి. విద్యార్థి "8." అని కొట్టగానే కోడ్ దాన్ని నంబర్‌గా మార్చింది. అది 8 అయింది. ఆ 8ని రియాక్ట్ తిరిగి ఇన్‌పుట్‌లో పెట్టింది. చుక్క మాయమైంది. ఎంత ప్రయత్నించినా చుక్క దాటి ముందుకు వెళ్లడం కుదరదు. చుక్కను ఎలాగో నిలబెట్టినా "8.0" మళ్లీ 8 అవుతుంది కాబట్టి 8.05 ఎప్పటికీ రాదు. ఇలాంటి చోట ఇన్‌పుట్ రకాన్ని మార్చి, ఒక మినహాయింపు రాసి సర్దుకుపోవడం చాలా ప్రాజెక్టుల్లో కనిపిస్తుంది. దానివల్ల ఈ ఒక్క ఫీల్డు బాగుపడుతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

స్టేట్‌ను నాలుగుగా విడదీయడం

కొత్త కూర్పులో ఫారానికి సంబంధించిన సమాచారాన్ని నాలుగు రకాలుగా విడదీశాం.

మొదటిది పాఠం. ప్రతి ఫీల్డులో కనిపించే అక్షరాలు, ఉన్నవి ఉన్నట్టు, ఎప్పుడూ స్ట్రింగే. డిఫాల్ట్ కూడా ఖాళీ స్ట్రింగే. నల్, అన్‌డిఫైన్‌డ్ ఎక్కడా ఉండవు. దీన్ని రియాక్ట్ హుక్ ఫారం అనే లైబ్రరీ చేతికి ఇచ్చాం. రెండోది విలువ. జోడ్ లైబ్రరీతో రాసిన నియమాల పట్టిక (స్కీమా) ఆ పాఠాన్ని చదివి ఇచ్చే ఫలితం: పూర్ణాంకం, తేదీ, శుభ్రమైన కోడ్. ఇది స్టేట్‌లో దాచేది కాదు, కావలసినప్పుడు పాఠం నుంచి లెక్కగట్టేది. ఈ రెండు లైబ్రరీలను కలిపే జోడ్ రిజాల్వర్ పెట్టినప్పుడు ఫారంలో పాఠం ఉంటుంది, పంపేటప్పుడు నడిచే హ్యాండిల్‌సబ్మిట్‌కు విలువ అందుతుంది. కాబట్టి ఈ విభజనకు అదనపు సామాను అక్కర్లేదు. మూడోది మనిషి ఫారంలో ఎంతవరకు వచ్చాడన్నది: ఏ ఫీల్డు ముట్టుకున్నాడు, ఏ మెట్టులో "తరువాత" నొక్కాడు. నాలుగోది సర్వర్ చెప్పినది: ఐఎఫ్ఎస్‌సీకి దొరికిన బ్యాంకు పేరు, సర్వర్ తిప్పికొట్టిన ఎర్రర్లు, డ్రాఫ్టు ఎప్పుడు సేవ్ అయింది.

మార్కుల శాతం, అర్హత ఉందా లేదా వంటివి ఈ నాలుగింటిలో ఎందులోనూ ఉండవు. అవి రెండర్ సమయంలో, అంటే తెరను గీసేటప్పుడు, లెక్కకట్టేవి. వాటిని యూజ్‌ఎఫెక్ట్‌తో (రెండర్ అయ్యాక నడిచే కోడ్‌తో) ఇంకో స్టేట్‌లోకి రాసిన ప్రతిచోటా ఒక రెండర్ పాటు పాత సంఖ్య కనిపిస్తుంది. ఒక ఎఫెక్ట్ ఇంకో ఎఫెక్ట్‌ను లేపడం మొదలైతే తప్పు ఎక్కడుందో పట్టుకోవడమే కష్టం. పంపే స్థితికి కూడా "పంపుతున్నాం", "అయింది", "తప్పింది" అని మూడు బూలియన్లు పెట్టకుండా నాలుగు స్థితుల్లో ఒక్కటే నిలిచే ఒకే వేరియబుల్ పెట్టాం. మూడు బూలియన్లకు ఎనిమిది కలయికలున్నాయి, వాటిలో అర్థమున్నవి నాలుగే.

అంకెలు

ఆదాయం ఫీల్డు ఈ ఫారంలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది. జావాస్క్రిప్ట్‌లో ఖాళీ స్ట్రింగ్‌ను నంబర్‌గా మారిస్తే సున్నా వస్తుంది. జోడ్‌లో పాఠాన్ని సంఖ్యగా మార్చే కోయర్స్ నంబర్ కూడా అదే పని చేస్తుంది. ఆదాయ పరిమితి ఉన్న పథకంలో "చెప్పలేదు" అన్నది "ఆదాయమే లేదు"గా మారితే అది కనిపించని అన్యాయం. అందుకే పార్సర్ (పాఠాన్ని చదివి విలువ తీసే కోడ్) మొదట చూసేది ఖాళీనా కాదా అని. ఖాళీ అయితే అక్కడే ఆగి "నింపాలి" అన్న ఎర్రర్ ఇస్తుంది, నంబర్ వరకు పోదు.

తరువాత కామాలు. మనవాళ్లు 1,20,000 అని రాస్తారు, 1,20,000/- అని కూడా రాస్తారు, ముందు రూ. అని పెడతారు. నంబర్ ఫంక్షన్‌కు కామా తగిలితే నాన్ ("సంఖ్య కాదు" అన్న గుర్తు) వస్తుంది. అది కనీసం తప్పని తెలుస్తుంది. పార్స్‌ఇంట్ అయితే మొదటి కామా దగ్గర ఆగి 1 అని ఇస్తుంది. లక్షా ఇరవై వేలు ఒక్క రూపాయి అయిపోతుంది, ఎర్రర్ ఏమీ రాదు. పాత సర్వర్ కోడ్‌లో ఉన్నది పార్స్‌ఇంటే. కొత్త పార్సర్ వరస ఇది: కొసల్లోని ఖాళీలు తీసేయడం, ముందున్న రూపాయి గుర్తు లేదా "రూ." తీసేయడం, చివరి "/-" తీసేయడం, కామాలు తీసేయడం, తెలుగు అంకెలుంటే మామూలు అంకెలుగా మార్చడం. మిగిలినదంతా అంకెలేనా అని చూసి, అప్పుడే నంబర్ చేయడం. జావాస్క్రిప్ట్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో అంకె గుర్తుకు 0 నుంచి 9 వరకే సరిపోతాయి, ౧౨౩ సరిపోవు. తెలుగు కీబోర్డు మీద పొరపాటున అవి పడితే "అంకెలు రాయండి" అని కసరడం ఏం మర్యాద?

ఫీల్డు వదిలి బయటికి రాగానే కింద "లక్షా ఇరవై వేల రూపాయలు" అని మాటల్లో చూపిస్తాం. ఒక సున్నా తగ్గిందా పెరిగిందా అన్నది అంకెల్లో కన్నా మాటల్లో వెంటనే తెలుస్తుంది. ఏ వాలిడేషన్ నియమమూ పట్టలేని తప్పు ఇది. 12,000 కూడా చెల్లే ఆదాయమే కదా.

ఖాతా నంబరు, పిన్‌కోడ్, మొబైల్, ఆధార్ సంఖ్యలు కావు, అంకెలతో రాసిన గుర్తింపులు. వాటితో కూడికలు, తీసివేతలు చేయం. జావాస్క్రిప్ట్ నంబర్ తేడా లేకుండా పట్టుకోగల పూర్ణాంకం 9007199254740991 వరకే, అంటే పదహారు అంకెలు. 9007199254740993 ఇస్తే 9007199254740992 తిరిగొస్తుంది. మన బ్యాంకుల ఖాతా నంబర్లు పద్దెనిమిది అంకెల వరకు ఉంటాయి, ముందు సున్నాలున్నవీ ఉంటాయి. నంబర్ చేస్తే ఆ సున్నాలు పోతాయి. కాబట్టి ఇన్‌పుట్ రకం టెక్స్ట్, ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్ (ఫోన్లో అంకెల కీబోర్డు రావడానికి), డేటాబేస్‌లోనూ వర్చార్ అనే పాఠపు కాలమ్. ఇన్‌పుట్ రకం నంబర్ పెడితే మౌస్ చక్రం తిప్పినా విలువ మారవచ్చు. చెల్లనిది టైపు చేస్తే ఖాళీ స్ట్రింగ్ తిరిగొస్తుంది, దాంతో మనిషి ఏమీ రాయలేదా, తప్పు రాశాడా అన్నది విలువను బట్టి తెలియదు. ఈ ఫారంలో ఆ రకం ఒక్కచోటా లేదు.

తెలుగు పేరు

పాత నియమం యూనికోడ్ "అక్షరం" వర్గాన్నీ, ఖాళీనీ మాత్రమే ఒప్పుకునేది. తెలుగులో గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న యూనికోడ్ లెక్కలో అక్షరాలు కావు, "గుర్తు" వర్గంలోకి వస్తాయి. అంటే "కమల" దాటుతుంది, "రాధ" ఆగిపోతుంది. నియమంలో గుర్తుల వర్గాన్ని కలపాలి, చుక్కను ఒప్పుకోవాలి ("కె. వి. రమణ"), పక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపే కనబడని జడ్‌డబ్ల్యూఎన్‌జే అక్షరాన్ని కూడా ఒప్పుకోవాలి. "రాజ్‌కుమార్" అన్న పేరులో పొల్లు తరువాత అది ఉండబట్టే "జ్" విడిగా నిలుస్తుంది. తీసేస్తే "రాజ్కుమార్" అని ఒత్తుగా కలిసిపోతుంది. "కనబడని అక్షరాలన్నీ తుడిచేయి" అనే శుభ్రపరిచే ఫంక్షన్లు చాలా లైబ్రరీల్లో ఉన్నాయి. తెలుగు పేర్ల మీద వాటిని నడపకూడదు. దాచేటప్పుడు ఉంచాలి, రెండు పేర్లు ఒకటేనా అని పోల్చేటప్పుడు మాత్రం తీసి పోల్చాలి. మరోవైపు ట్రిమ్ ఫంక్షన్ ఈ అక్షరాన్ని ముట్టుకోదు. అందువల్ల కనబడని అక్షరాలే ఉన్న ఫీల్డు "కనీసం ఒక అక్షరం" నియమాన్ని దాటేస్తుంది. నియమం "కనీసం ఒక్కటైనా అక్షర వర్గానికి చెందినది" అని ఉండాలి.

పొడవు లెక్క ఇంకో చిక్కు. "శ్రీలక్ష్మి" చదివేవారికి మూడు అక్షరాలు. జావాస్క్రిప్ట్ లెంగ్త్‌కు 11. యూటీఎఫ్-8లో 33 బైట్లు. పాఠాన్ని కంటికి కనిపించే అక్షరాలుగా విడగొట్టే ఇంటర్నేషనల్ సెగ్మెంటర్ వాడితే బ్రౌజర్ ఏ యూనికోడ్ కూర్పు పాటిస్తుందన్నదాన్ని బట్టి 3 రావచ్చు, 6 రావచ్చు. ఒత్తులను కలిపి లెక్కించే నియమం యూనికోడ్ 15.1లో చేరింది. మనిషి కంటికి దగ్గరగా ఉండే లెక్క వాడదామనిపిస్తుంది కానీ బ్రౌజర్‌కో మాట చెప్పే లెక్క మీద నియమం నిలబెట్టకూడదు. పరిమితిని కోడ్ పాయింట్లలోనే (యూనికోడ్ ఒక్కో గుర్తుకూ ఇచ్చే సంఖ్యల లెక్కలో) పెట్టాం, 150. పోస్ట్‌గ్రెస్ వర్చార్ లెక్క కూడా బైట్లలో కాకుండా అక్షరాల్లోనే ఉంటుంది కాబట్టి రెండూ కుదురుతాయి. ఇంగ్లిష్ పేర్లను మనసులో పెట్టుకుని 30 పెట్టిన పాత పరిమితి, ఇంటిపేరుతో కలిపి రాసిన సాధారణమైన తెలుగు పేరుకే చాలలేదు.

ఐత్వం రెండు రకాలుగా ఎన్‌కోడ్ కావచ్చు: ఒకే గుర్తుగానో, ఎత్వమూ దాని కింది గుర్తూ విడివిడిగానో. తెర మీద తేడా ఉండదు. "వైష్ణవి"ని వెతికితే దొరకకపోవడానికి ఇది చాలు. పార్సర్‌లో ఈ రెండు రూపాలనూ ఒకటి చేసే ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ ఒక్క పిలుపు, మరిచిపోకూడదు.

ఇవన్నీ స్కీమాలో జరుగుతాయి, ఆన్‌చేంజ్‌లో ఏదీ జరగదు. ఫోన్లో తెలుగు కీబోర్డు పదాన్ని కూర్చే మధ్యలోనే ఇన్‌పుట్ ఈవెంట్లు పంపుతుంది. ఆ మధ్యలో కోడ్ విలువను తిరగరాస్తే కర్సర్ ఎగురుతుంది, అక్షరాలు రెండుసార్లు పడతాయి. ఐఎఫ్ఎస్‌సీని పెద్ద అక్షరాల్లోకి మార్చాలన్నా ఇదే పద్ధతి: తెర మీద సీఎస్ఎస్‌తో పెద్దగా చూపడం, అసలు మార్పు స్కీమాలో చేయడం.

పేరును మొదటి పేరు, చివరి పేరు అని రెండు ఫీల్డులుగా విడగొట్టడం మన ఫారాల్లో మానేయాలి. మనకు ఇంటిపేరు ముందుంటుంది, చాలామంది దాన్ని ఒక్క పొడి అక్షరంగా రాస్తారు. "చివరి పేరులో కనీసం రెండు అక్షరాలు" అనే నియమం వాళ్లను బలవంతంగా అబద్ధం రాయిస్తుంది. ఒకే ఫీల్డు చాలు: "పూర్తి పేరు, పదో తరగతి మెమోలో ఉన్నట్టు".

తేదీ

పుట్టిన తేదీ ఒకరోజు వెనక్కి పోవడానికి కారణం మన టైమ్‌జోన్. 2007 జూన్ 15 అని లోకల్ డేట్ ఆబ్జెక్టు కట్టి, దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రమాణ సమయం)లో రాసే టుఐఎస్ఓస్ట్రింగ్‌తో పంపితే 2007-06-14, 18:30 అవుతుంది. మన అర్ధరాత్రి యూటీసీకి ముందురోజు సాయంత్రం ఆరున్నర. యూటీసీకి వెనకుండే దేశాల్లో ఇదే కోడ్ తప్పు తేదీ ఇవ్వదు, కాబట్టి అక్కడ రాసిన నమూనా కోడ్‌లో ఈ లోపం బయటపడదు. పుట్టిన తేదీకి గడియారంతో పనేలేదు. 2007-06-15 అన్న స్ట్రింగ్‌గా పుట్టి, స్ట్రింగ్‌గా ప్రయాణించి, డేటాబేస్‌లో డేట్ కాలమ్‌లో కూర్చోవాలి. టైమ్‌స్టాంప్ కాలమ్ అక్కర్లేదు.

ఫోన్లో క్యాలెండర్‌ను పద్దెనిమిదేళ్లు వెనక్కి తిప్పడం విసుగు, కాబట్టి రోజు, నెల, సంవత్సరం మూడు ఫీల్డులు పెట్టాం. తనిఖీకి డేట్ యూటీసీతో తేదీ కట్టి, అందులోంచి మూడు ముక్కలూ తిరిగి తీసి పోల్చాలి. ఫిబ్రవరి 31 ఇస్తే జావాస్క్రిప్ట్ ఎర్రర్ ఇవ్వకుండా మార్చి 3కి (లీపు సంవత్సరమైతే 2కి) జరిపేస్తుంది; తిరిగి పోల్చినప్పుడే దొరుకుతుంది. వయసు పరిమితికి ఈరోజు తేదీని తీసుకోకూడదు. నోటిఫికేషన్‌లో ఇచ్చిన గడువు తేదీతో, అదీ స్ట్రింగ్‌గానే, పోల్చాలి. ఒకే రూపంలో రాసిన తేదీ స్ట్రింగులు అక్షరక్రమంలో పోల్చినా సరిగ్గానే వస్తాయి.

బ్యాంకు, పిన్‌కోడ్, ఆధార్

ఐఎఫ్ఎస్‌సీ పదకొండు అక్షరాలు: నాలుగు బ్యాంకువి, ఐదోది ఎప్పుడూ సున్నా, ఆరు శాఖవి. ఐదో చోట సున్నాకు బదులు ఓ అక్షరం కొట్టడం మామూలు పొరపాటు. అక్కడ వేరేది వచ్చే వీలే లేదు కాబట్టి పార్సరే దాన్ని సున్నా చేస్తుంది. మిగతా ఆరు చోట్ల మాత్రం అలా ఊహించి మార్చకూడదు.

రూపం సరిగా ఉన్నంత మాత్రాన కోడ్ బతికున్నట్టు కాదు. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసింది. ఏఎన్‌డీబీతో మొదలయ్యే పాత కోడ్లు ఇప్పుడు పనిచేయవు. ఇంట్లో పాత పాస్‌బుక్ చూసి నింపే తల్లిదండ్రులు అదే కోడ్ రాస్తారు, రూపం నూటికి నూరుపాళ్లు సరిపోతుంది, డబ్బు మాత్రం చేరదు. 2017లో ఎస్‌బీఐలో కలిసిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ పాస్‌బుక్కులదీ అదే కథ. ఇలాంటి మొదటి నాలుగు అక్షరాలకు విడిగా సందేశం ఉంది: "ఇది ఆంధ్రా బ్యాంక్ పాత కోడ్. ఇప్పుడు యూనియన్ బ్యాంక్ ఇచ్చిన కొత్త పాస్‌బుక్ లేదా చెక్కుబుక్కు మీద ఉన్న కోడ్ రాయండి."

పదకొండో అక్షరం పడగానే సర్వర్లో రిజర్వు బ్యాంకు ప్రచురించే జాబితా నుంచి నింపుకున్న పట్టికలో వెతికి బ్యాంకు, శాఖ పేరు చూపిస్తాం. పొడవు ముందే తెలిసిన కోడ్ కాబట్టి డీబౌన్స్ (టైపింగ్ ఆగేదాకా వేచి ఉండటం) అక్కర్లేదు. ఇక్కడ రెండు జాగ్రత్తలు. మనిషి కోడ్ దిద్దితే ముందు పంపిన అభ్యర్థన తరువాత తిరిగి రావచ్చు. అబార్ట్ కంట్రోలర్‌తో పాతదాన్ని ఆపాలి, జవాబు ఏ కోడ్‌కు వచ్చిందో ఇప్పటి పాఠంతో పోల్చాలి. రెండోది, ఫలితం మూడు రకాలు: దొరికింది, దొరకలేదు, చూడలేకపోయాం. నెట్‌వర్క్ తప్పితే దాన్ని "తప్పు కోడ్"గా చూపి దారి ఆపకూడదు. ఈ వెతుకులాటను జోడ్ స్కీమా లోపల అసింక్ రిఫైన్‌గా (జవాబు వచ్చేదాకా ఆగే అదనపు నియమంగా) పెట్టడం పెద్ద పొరపాటు. రిజాల్వర్ ప్రతి తనిఖీకీ మొత్తం స్కీమాను నడుపుతుంది కాబట్టి, పేరులో ఒక అక్షరం మార్చినా బ్యాంకు పట్టికకు అభ్యర్థన పోతుంది.

పిన్‌కోడ్‌కు ఆరు అంకెలు, మొదటిది సున్నా కాకూడదు అన్నంతవరకే ఎర్రర్. రాష్ట్రంతో పొంతన చూడాలన్న కోరిక సహజం: తెలంగాణ 50తో, ఆంధ్రప్రదేశ్ 51, 52, 53తో. కానీ 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన మండలాల్లో చింతూరు వంటి చోట్ల పిన్‌కోడ్ ఇంకా 507తోనే మొదలవుతుంది. యానాం పిన్ 533464, ఊరు పుదుచ్చేరిది. ఇలాంటివాటిని హెచ్చరికగా చూపాలి, ముందుకు పోనివ్వాలి. హెచ్చరికలు ఎర్రర్ల ఆబ్జెక్టులో ఉండవు. విలువ నుంచి రెండర్‌లో లెక్కకట్టి పసుపు రంగులో, "సరిచూసుకోండి" అన్న మాటతో చూపిస్తాం.

ఆధార్ పన్నెండు అంకెలు, 0తోనూ 1తోనూ మొదలవదు, చివరి అంకె వెర్‌హోఫ్ పద్ధతిలో వచ్చే తనిఖీ అంకె. ఒక అంకె తప్పినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఈ పద్ధతి తప్పకుండా పట్టుకుంటుంది. అయితే లెక్క సరిపోతే ఆ నంబరు ఎవరికో ఉందని అర్థం కాదు. నాలుగేసి అంకెల మధ్య ఖాళీలతో అతికించినా ఒప్పుకోవాలి. డ్రాఫ్టులో గానీ లాగ్‌లో గానీ ఇది ఎప్పుడూ పడకూడదు.

ఎర్రర్ ఎప్పుడు చూపాలి

మొబైల్ నంబరులో మొదటి అంకె కొట్టగానే "పది అంకెలు ఉండాలి" అని ఎర్రగా రావడం పాత ఫారం లక్షణం. కొత్తదానిలో మోడ్ ఆన్‌టచ్‌డ్: మొదటిసారి ఫీల్డు వదిలినప్పుడు తనిఖీ, ఆ తరువాత ప్రతి మార్పుకూ. అంటే తప్పు ఆలస్యంగా కనిపిస్తుంది, దిద్దిన వెంటనే పోతుంది. దీనికి ఒక్క సవరణ చేశాం. ఏమీ రాయకుండా ఫీల్డు దాటితే "నింపాలి" అనడం లేదు. ఆ మెట్టులో "తరువాత" నొక్కాకే అది కనిపిస్తుంది. ఎర్రర్ స్టేట్‌లో ఉంటుంది, చూపే కాంపోనెంట్ మూడో రకం సమాచారం చూసి చూపాలా వద్దా తేలుస్తుంది.

"తరువాత" బటన్‌ను ఎర్రర్లున్నాయని ఎప్పుడూ డిజేబుల్ చేయం. బూడిద రంగు బటన్ ఏం తప్పో చెప్పదు. నొక్కనివ్వాలి, ఆ మెట్టులోని ఫీల్డుల పేర్లతో తనిఖీ నడిపే ట్రిగ్గర్ పిలవాలి, మొదటి తప్పు దగ్గరికి ఫోకస్ తీసుకెళ్లాలి. తెరను చదివి వినిపించే సాధనాల కోసం ప్రతి ఇన్‌పుట్‌కు ఏరియా-ఇన్‌వాలిడ్, ఎర్రర్ వాక్యాన్ని సూచించే ఏరియా-డిస్క్రైబ్డ్‌బై ఉండాలి. ఎరుపు రంగు ఒక్కటే గుర్తుగా చాలదు.

రెండు ఫీల్డులకు చెందిన నియమాల్లో దొంగచాటు సమస్య ఒకటి ఉంది. వచ్చిన మార్కులు మొత్తం మార్కుల కన్నా ఎక్కువ కాకూడదన్నది ఆబ్జెక్టు స్థాయి రిఫైన్‌లో రాశాం. అదే ఆబ్జెక్టులో బోర్డు పేరు ఈనమ్, అంటే ఇచ్చిన జాబితాలోంచే ఎంచుకునేది. ఎంచుకోకపోతే ఖాళీ స్ట్రింగ్, ఈనమ్‌లో లేనిది. అలా మౌలిక రకమే కుదరనప్పుడు జోడ్ ఆబ్జెక్టు స్థాయి రిఫైన్‌ను అసలు నడపదు. ఫలితంగా విద్యార్థి అన్నీ దిద్దాక, ఇక అయిపోయిందనుకున్నప్పుడు మార్కుల ఎర్రర్ కొత్తగా ఊడిపడుతుంది. మందు: మార్కుల జతను చిన్న ఆబ్జెక్టుగా విడదీసి, రిఫైన్‌ను దానికే తగిలించడం. ఇంకొకటి, మొత్తం మార్కులు దిద్దితే వచ్చిన మార్కుల కింద పాత ఎర్రర్ అలాగే ఉండిపోతుంది. మొత్తం మార్కుల ఫీల్డును నమోదు చేసే రిజిస్టర్‌లో డెప్స్ (ఆధారపడేవి) కింద రెండో ఫీల్డు పేరు ఇవ్వాలి.

హాస్టల్లో ఉంటున్నారా అన్నదానికి "అవును" అంటే హాస్టల్ పేరు, వార్డెన్ ఫోన్ వస్తాయి. "కాదు" అని మార్చితే అవి మాయమవుతాయి, రాసిన పాఠం మాత్రం ఫారంలో ఉంటుంది. మళ్లీ "అవును" అంటే తిరిగి టైపు చేయనక్కర్లేదు. స్కీమా డిస్క్రిమినేటెడ్ యూనియన్ (జవాబును బట్టి వేరే కొమ్మ ఎంచుకునేది) కాబట్టి "కాదు" కొమ్మలో ఆ ఫీల్డులు లేవు, విలువలోకి రావు, సర్వర్‌కు పోవు. పాఠం, విలువ విడిగా ఉండటంవల్ల ఇది ఒక్క ఇఫ్ కూడా లేకుండా కుదిరింది.

సర్వర్, డ్రాఫ్టు, రెండుసార్లు నొక్కడం

స్కీమా ఒకే ప్యాకేజీలో ఉంటుంది, బ్రౌజరూ సర్వరూ దాన్నే వాడతాయి. బ్రౌజర్ తనిఖీ విద్యార్థి సౌకర్యం కోసం, సర్వర్ తనిఖీ డేటా కోసం. ఫారం వాడకుండా నేరుగా సర్వర్‌కు వచ్చే అభ్యర్థనలు ఎప్పుడూ ఉంటాయి. సర్వర్‌కు మాత్రమే తెలిసేవి (ఈ మొబైల్‌తో ముందే దరఖాస్తు ఉంది, గడువు దాటింది) 422 (విలువలు కుదరలేదు) అన్న జవాబు కోడ్‌తో వస్తాయి. జవాబులో వాక్యం ఉండదు. ఫీల్డు దారి, కోడ్, కావలసిన సంఖ్యలు ఉంటాయి. వాక్యాలు బ్రౌజర్లో తెలుగు, ఇంగ్లిష్ ఫైళ్లలో ఉంటాయి. తెలుగులో "ఫీల్డు పేరు + తప్పనిసరి" అన్న అచ్చు పెట్టి పేర్లు దూర్చకూడదు. పేరును, తేదీని, ఖాతాకు... విభక్తి ఫీల్డుకో రకంగా మారుతుంది. ప్రతి ఫీల్డుకూ పూర్తి వాక్యం రాయడం ఒక్క పూట పని. "చెల్లని విలువ" అని ఎక్కడా రాయకూడదు. "ఐఎఫ్ఎస్‌సీలో 11 అక్షరాలు ఉండాలి, ఇందులో 10 ఉన్నాయి" అని రాయాలి.

సర్వర్ ఎర్రర్ వేరే మెట్టు ఫీల్డుది కావచ్చు. ఆ ఫీల్డు అప్పుడు తెర మీద లేదు, దాన్ని పట్టుకునే రెఫ్ లేదు, ఫోకస్ పడదు. ముందు మెట్టు మార్చి, రెండర్ అయ్యాక సెట్‌ఫోకస్ పిలవాలి. ఏ ఫీల్డు ఏ మెట్టుదో చెప్పే పట్టిక ఒకటి కావాలి.

ఫారం తెరవగానే ఒక యూయూఐడీ (ఇంకెవరికీ రాని ఐడీ) పుడుతుంది, సబ్మిట్‌తో పాటు పోతుంది, సర్వర్లో దాని మీద రెండోసారి పడనివ్వని యూనిక్ ఇండెక్స్ ఉంటుంది. అభ్యర్థన చేరి జవాబు మధ్యలో పోతే, మళ్లీ నొక్కినప్పుడు సర్వర్ కొత్త దరఖాస్తు పెట్టకుండా పాత రసీదునే ఇస్తుంది. పంపుతున్నంతసేపు బటన్ ఆపడం మంచిదే, కానీ అది పేజీ రిఫ్రెష్ చేసినవాళ్లను ఆపదు. అందుకే ఆ యూయూఐడీ డ్రాఫ్టులోనూ ఉండాలి.

తక్కువ మెమరీ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లో కెమెరా తెరిస్తే వెనకున్న బ్రౌజర్ ట్యాబ్‌ను సిస్టమ్ చంపేయవచ్చు. తిరిగి వస్తే పేజీ కొత్తగా లోడ్ అవుతుంది. అందువల్ల పేజీ కనుమరుగయ్యే విజిబిలిటీచేంజ్ ఈవెంట్ దగ్గర డ్రాఫ్టు ఆ ట్యాబ్ వరకే ఉండే సెషన్‌స్టోరేజ్‌లోకి, చివరి మార్పు తరువాత రెండు సెకన్లకు సర్వర్లోకి పోతుంది. ట్యాబ్ మూసినా మిగిలే లోకల్‌స్టోరేజ్ వద్దు. నెట్ సెంటర్ కంప్యూటర్లో ఒకరి వివరాలు తరువాత కూర్చున్నవారికి కనిపించడం చిన్న లోపం కాదు. ఫైల్ ఇన్‌పుట్‌ను కోడ్ తిరిగి నింపడానికి బ్రౌజర్ ఒప్పుకోదు కాబట్టి ఫొటో ఎంచుకోగానే అప్‌లోడ్ చేసి, సర్వర్ ఇచ్చిన ఐడీనే ఫారంలో ఉంచుతాం.

డ్రాఫ్టులో దాచేది పాఠమే, విలువ కాదు. సగం రాసిన ఖాతా నంబరు, చుక్క దగ్గర ఆగిన జీపీఏ కూడా ఉన్నవి ఉన్నట్టు తిరిగి రావాలి. డ్రాఫ్టుతో పాటు స్కీమా కూర్పు సంఖ్య ఉంటుంది. దరఖాస్తులు నడుస్తుండగానే నియమం మారితే, పాత డ్రాఫ్టు తెరిచినప్పుడు పాఠాన్ని కొత్త స్కీమాతో చదివి, తప్పిన మొదటి మెట్టు దగ్గర తెరుస్తాం. "ఈ ఫీల్డు నియమం మీరు నింపాక మారింది" అని అక్కడే రాస్తాం. ఫీల్డు పేరే మారితే పాత పేరు నుంచి కొత్త పేరుకు పాఠాన్ని మోసే చిన్న ఫంక్షన్ ఆ కూర్పు సంఖ్యకు రాసి ఉంచాలి. టెస్టుల్లో ప్రతి పాత కూర్పుకు ఒక నమూనా డ్రాఫ్టు ఉంటుంది. వాటి పక్కనే పార్సర్ల పట్టిక: ఖాళీ, 1,20,000/-, ౧౨౦౦౦౦, 8., ఫిబ్రవరి 31, రాజ్‌కుమార్, ఐదో చోట ఓ అక్షరం ఉన్న ఐఎఫ్ఎస్‌సీ. కొత్త ఫిర్యాదు వచ్చినప్పుడల్లా ముందు ఆ పట్టికలో ఒక వరస చేరుతుంది, ఆ తరువాతే కోడ్ మారుతుంది.